విద్యార్థ్యుద్యమ వాఙ్మయమునఁ గర్తృవిచారము

ఉద్యమములు మాఱినపుడు వాని పేళ్లు మాఱును. పేళ్లకంటె ముందుగా వానిని జెప్పు వాక్యములు మాఱును. ఎవఁడు చేసెను, ఎవనిచేఁ జేయించెను, దేనితోఁ జేసెను, ఎవనికిఁ జేసెను అను ప్రశ్నలకు వాక్యము తెలిసియో తెలియకయో యుత్తరము చెప్పక తీఱదు. ఈ యుత్తరమునే వైయాకరణులు కారకమనిరి. 1938 మొదలు 2014 వఱకు తెలంగాణమున విద్యార్థులు నడపిన యుద్యమములను గుఱించియు, వానినుండి పుట్టిన పాటలు, పద్యములు, నవలలు, స్వీయచరిత్రలను గుఱించియు వ్రాసినవారు పలువురు గలరు. వారిలోఁ బెక్కండ్రు భావమును విమర్శించిరి, ఆవేశమును గొలిచిరి, పక్షమును నిర్ణయించిరి. వాక్యమునఁ గర్త యెవఁడని యడిగినవారు తక్కువ. ఆ ప్రశ్న యొక్కటియే యిచ్చట విచార్యము.

ఈ విచారమునకుఁ దిరుమలగిరి ప్రాంతము మంచి యొఱగల్లు. సూర్యాపేటనుండి జనగామకుఁ బోవు త్రోవలో నీ యూరున్నది. దీని ప్రక్కనున్న తుంగతుర్తి సీమలోనిదే కరివిరాల కొత్తగూడెము. భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యము అను అన్నాచెల్లెండ్రు పుట్టిన పల్లె. సూర్యాపేట, జనగామ తాలూకాలు రెండును నాఁడు నల్లగొండ జిల్లాలోనివి. 1946 నాఁటి రైతుపోరాటమునకు నివియే ప్రధానరంగములు. ఇచ్చట విశ్వవిద్యాలయము లేదు. కాని విశ్వవిద్యాలయమునఁ బుట్టిన ప్రతి యుద్యమరీతియు నేదో యొకనాఁ డీ పల్లెలను జేరినది, లేక యీ పల్లెలను మఱచినది. కావున నగరమునఁ బలికిన వాక్యము సాధువో కాదో యీ పల్లెలో నిలిచి చూచినఁ దేటపడును.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. నినాదములకును బాటలకును వ్యాకరణముతోఁ బనియేమి? ఆవేశమునఁ బలికిన మాటకుఁ గారకములు వెదకుట పువ్వునకు రేకులు లెక్కించుటవంటిది గాదా? దీనికి సమాధానము శాస్త్రముననే కలదు. కారకములు వస్తుస్థితినిబట్టి మాత్రమే యేర్పడవు. వక్త యొక్క వివక్షనుబట్టి యేర్పడును. వంటవాఁడు కుండతో వండును. అట్లుండియు ‘కుండ వండుచున్నది’ యని పలుకుటకు శాస్త్ర మవకాశమిచ్చినది. అనఁగా వక్త యెవనిఁ గర్తగాఁ జెప్పఁగోరెనో వానినే చెప్పును, చెప్పఁగోరనివాని మఱుఁగుపఱచును. కావునఁ గారకపరీక్ష రేకుల లెక్క గాదు. వక్త హృదయముయొక్క పరీక్ష.

మొదటి ఘట్టము 1938 నాఁటిది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో నుర్దూ బోధనభాషగా నేర్పడినది. అందుఁ జదివిన తెలుఁగు, మరాఠీ, కన్నడ విద్యార్థులకు మాతృభాష యింటికే పరిమితమయ్యెను. 1938 నవంబరులో వసతిగృహములలోని విద్యార్థులు వందేమాతరగీతమును బాడఁగా నధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మె చేసిరి, బహిష్కృతులైరి. వరంగల్లు, ఔరంగాబాదు కళాశాలలయందును సమ్మె జరిగెను. బహిష్కృతులలోఁ బెక్కండ్రు నాగపురమునకుఁ బోయి యచ్చటి విశ్వవిద్యాలయమునఁ జేరిరి. వరంగల్లు కళాశాలనుండి పోయినవారిలోఁ బి.వి. నరసింహారావొకరు.

ఈ రీతికిఁ బ్రధానకారక మపాదానము. విశ్లేషమందు ధ్రువముగా నుండునది యపాదానమని శాస్త్రము. చెట్టునుండి యాకు రాలినపుడు కదలినది యాకు, కదలనిది చెట్టు. విద్యార్థులు విడిచిపోయిరి, విడువఁబడిన విశ్వవిద్యాలయము మాత్రము కదలలేదు. విడిచిపోవుట ధైర్యమే, అందు సందేహము లేదు. చదువును, భవిష్యత్తును బణముగా నొడ్డినవారిని దక్కువచేసి పలుకుట విమర్శ గాదు. కాని యీ వాక్యమునఁ దిరుమలగిరి రైతున కే కారకమును లభింపలేదు. వెట్టి చేయువాఁడు విడిచిపోవుటకు నాగపురమున స్థానము లేదు గదా.

ఆ సంవత్సరముననే, నకిరేకల్లు సమీపమున జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. కొందఱు విడిచిపోయిన యేఁటనే యొకఁడు నిలిచి పుస్తకము లచ్చొత్తించెను. ఈ రెండు క్రియలను బ్రక్కప్రక్కన నుంచి చూచినఁగాని యా దశాబ్ది యర్థము గాదు. 1955లో వెలువడిన యాతని ‘ప్రజల మనిషి’ యను నవల కీ నిలిచియుండుటయే విషయము. అందలి నాయకుఁడు కంఠీరవుఁడు వీరుఁడుగాఁ బుట్టలేదు. నలుగురితోఁ గలసి చదువుచు, నలుగురి మాట వినుచుఁ బ్రజల మనిషి యయ్యెను. ఆ పేరునందే షష్ఠి యున్నది. ప్రజలు వానివారు గారు, వాఁడు ప్రజలవాఁడు. నవలయందుఁ గళాదోషములు చూపవచ్చును. సంభాషణలు కొన్నియెడల నుపన్యాసములై సాగును. అయినను సంబంధపదమున నిట్టి వినయమును నిలుపుకొన్న నవల లరుదు.

రెండవ ఘట్టమునకు గుఱుతుగాఁ గోదాడకు సమీపమునందలి చిలుకూరును జెప్పవచ్చును. 1941లో నచ్చట జరిగిన యాంధ్రమహాసభ కధ్యక్షుఁడు రావి నారాయణరెడ్డి. విద్యార్థిగా నుండియే 1930లో నుప్పు సత్యాగ్రహమునకుఁ గాకినాడ కేగినవాఁడు. 1944లో భువనగిరి సభతో మహాసభ చీలినది. విజ్ఞాపనలు పంపు సభ వేఱు, గ్రామములఁ దిరుగు సంఘము వేఱు అయ్యెను. చదివిన యువకులు పల్లెలకు వచ్చిరి. వెట్టి మానుఁడనిరి, లెక్క యడుగుఁడనిరి, రసీదు లేక పన్ను కట్టకుఁడనిరి.

ఇది ప్రయోజకకర్తృత్వము. ‘చేయు’ ధాతువు ‘చేయించు’ అయినది. విద్యార్థి హేతుకర్త, రైతు ప్రయోజ్యుఁడు. ఈ వాక్యమునకుఁ గల ప్రమాదము స్పష్టమే: చేయించువాఁడు తానే కర్తనని భ్రమించును. కాని శాస్త్రమున నొక సూక్ష్మ మున్నది. ప్రయోజకుఁ డున్నను బ్రయోజ్యుని కర్తృత్వము పోదు. వానికి స్వాతంత్ర్య మున్నప్పుడే వాఁడు కర్త, కర్తయైనవానినే ప్రేరేపింప వీలగును. ఱాతిని దొర్లింపవచ్చును గాని ఱాతిచేఁ జదివింపలేము. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియైన పిదప జరిగిన దీ సూక్ష్మమునకు భాష్యము. చేయించువారి యాజ్ఞకై యెదురుచూడక పల్లెలు కదలినవి. ‘చేయించు’ మరల ‘చేయు’ అయ్యెను, ప్రయోజ్యుఁడు స్వతంత్రుఁడయ్యెను.

ఆనాఁటి పాటయే దీనికి సాక్ష్యము. సుద్దాల హనుమంతు పాటలలో మిక్కిలి ప్రచారమునకు వచ్చినది పసులఁ గాచు పల్లెటూరి బాలుని బిలిచి యాతని జీవితమును గుఱించి యాతనినే యడుగునది. సంబోధనము కారకము గాదు. క్రియకుఁ బూర్వము వినువాని ముఖమును దనవైపునకుఁ ద్రిప్పుకొనుటయే దాని పని. ఆ పాట బాలుని కేమియు నాజ్ఞాపింపలేదు. మొదట వాని ముఖమును ద్రిప్పినది, ప్రశ్నించినది, ప్రశ్నలో వాని దుఃఖము వానికిఁ గనఁబడినది. పాట ముగియునప్పటికిఁ జేయవలసిన క్రియ వానికే విడువఁబడినది. గొల్లసుద్దులను బుఱ్ఱకథను జనుల వాడుకనుండి తీసికొని జనులకే తిరిగి యిచ్చుటయు నిట్టిదే. పండితులు దీనిని గ్రామ్యమని త్రోసివేసిరి; ఔచిత్యమన నిదియే యని వారికిఁ దోఁచియుండవలసినది.

మల్లు స్వరాజ్యము కథయు నీ ఘట్టమునకే చెందును. భూస్వామి కుటుంబమునఁ బుట్టి, బాల్యముననే గోర్కీ ‘అమ్మ’ నవలను జదివి, యింటి ధాన్యమును గూలీలకుఁ బంచిన బాలిక; పాటలు పాడుచుఁ బల్లెలఁ దిరిగి పిదప దళమునఁ జేరినది. క్రొవ్విడి లింగరాజు తెనిఁగించిన యా నవల యిచ్చటి యువకుల కేల యంతగా నచ్చినదో యాలోచింపవలయును. అందలి తల్లి మొదట నితరుల కరపత్రములను మోయు చేయి మాత్రమే. తుదకుఁ దానే పలుకు నోరయ్యెను. ప్రయోజ్య స్వతంత్రురాలగు కథ యది. స్వరాజ్యము 1978, 1983లలో తుంగతుర్తినుండి శాసనసభ కెన్నికయై, 2022లో మరణించెను. 2019లో వచ్చిన యామె యాత్మకథకు ‘నా మాటే తుపాకీ తూటా’ యని పేరు. అందుఁ దూటా ప్రధానము గాదు. మాట ప్రధానము, ‘నా’ యను షష్ఠి దానికంటెను బ్రధానము. మాటయే సాధనమని, సాధనమునకుఁ దాను గర్తనని యామె పేరునందే తేల్చి చెప్పినది.

కాని 1951 అక్టోబరులో సాయుధపోరాటము విరమింపఁబడిన పిదప నీ స్వతంత్రకర్తలకేమయ్యెను? స్త్రీశక్తి సంఘటనవారు 1986లోఁ బ్రకటించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పోరాటమునఁ బాల్గొన్న స్త్రీల మాటలను వారి మాటలలోనే కూర్చినది. యుద్ధమునఁ గర్త్రులైనవారు శాంతియందు మరల నింటి పనికిఁ బ్రయోజ్యలైన విషాద మందుఁ బుటపుటను గనఁబడును. వీరగాథలు వ్రాసినవారు ముప్పదియేండ్లు చూడనిదాని నీ గ్రంథము చూచినది. తెలంగాణపోరాట వాఙ్మయమున దీనికిఁ గావ్యములకంటెఁ దక్కువ స్థానమిచ్చుట న్యాయము గాదు.

మూఁడవ ఘట్టము నగరమునది. 1952లో వరంగల్లున మొదలై హైదరాబాదున సిటీ కాలేజీవద్దఁ గాల్పులకు దారితీసిన ముల్కీ యాందోళనమున విద్యార్థులు పలికిన నినాదము ‘నాన్ ముల్కీ గో బ్యాక్’. ఆ క్రియ విధ్యర్థకము. విధ్యర్థకక్రియకుఁ గర్త సంబోధితుఁడు. అనఁగాఁ దమ నినాదమునఁ దామే లేరు. ఎదుటివాఁడే కర్త, తమ కోరిక వాని పోకయందుఁ గలదు. ఆనాఁటి యుద్యోగముల యన్యాయము సత్యమే. కాని తన వాక్యమునఁ దాను లేని యుద్యమము మొదటి తాకిడితోనే చల్లాఱుట వింత గాదు.

1969 జనవరిలోఁ బాల్వంచ, ఖమ్మములఁ జిగిర్చి యుస్మానియాకు వ్యాపించిన యుద్యమమునకు ‘జై తెలంగాణ’ నినాదము. ఇందుఁ గ్రియయే లేదు. క్రియ లేనిచోఁ గారకముల కాశ్రయము లేదు. అది దాని బలము: ఎవఁడైనను దాని నందుకొనవచ్చును. అదియే దాని బలహీనత: క్రియాపదమును దరువాత నెవఁడైనను బూరింపవచ్చును. ఉద్యమసాహిత్యము 369 మంది యమరులని లెక్కించుచున్న యా యాందోళనమున బలము విద్యార్థులది. 1971 ఎన్నికలలో 10 లోకసభాస్థానములు గెలిచిన తెలంగాణ ప్రజాసమితి యా యేఁటనే కాంగ్రెసున లీనమయ్యెను. విద్యార్థులు విడిచిన ఖాళీలో నాయకులు తమ క్రియను వ్రాసికొనిరి.

నాల్గవ ఘట్టమున విద్యార్థి కవివైపునకుఁ దిరిగెను. 1970లో విశాఖపట్టణమున శ్రీశ్రీ షష్టిపూర్తి సభ జరుగుచుండఁగా విశాఖ విద్యార్థుల పేర నొక కరపత్రము వెలువడెను. శ్రీకాకుళమున రైతులు చంపఁబడుచుండ రచయితలు మీ రెటువైపని యది ప్రశ్నించెను. ఆ జూలై 4న హైదరాబాదున విప్లవ రచయితల సంఘ మేర్పడి శ్రీశ్రీ యధ్యక్షుఁడయ్యెను. తెలుఁగు సాహిత్యచరిత్రలో శిష్యుఁడు గురువును నిలవేసి యుత్తరము రాఁబట్టిన ఘట్టము లల్పము, ఇది యట్టిది. కవి యంతవఱకుఁ బ్రయోజకుఁడు. ఆ దినమునఁ బ్రయోజ్యుఁడయ్యెను.

తరువాతి సంవత్సరములలో విద్యార్థిసంఘములు మరల పల్లెలవైపు నడచినవి. 1972 ఏప్రిలు 14న జార్జిరెడ్డి యుస్మానియా ప్రాంగణముననే హత్యకు గుఱియయ్యెను. రాడికల్ విద్యార్థిసంఘము 1978లో ‘గ్రామాలకు తరలండి’ యని పిలిచెను. ఆ సెప్టెంబరులోనే జగిత్యాల జైత్రయాత్ర జరిగెను. చిలుకూరు నాఁటి ‘చేయించు’ మరల వచ్చినది. కాని యీ కాలపుఁ గవిత్వమున నొక మార్పు చూడవలయును. ‘కత్తి చక్కఁగా నఱకును’ అనుచోఁ గరణమును గర్తగా వివక్షించుట వైయాకరణుల యుదాహరణములలోఁ బ్రసిద్ధమే. అట్లు వివక్షించినపుడు నఱకినవాఁడు వాక్యమునుండి తొలఁగిపోవును. 1970 పిదపఁ బుట్టిన విప్లవకవిత్వమునఁ బెక్కుచోట్ల తుపాకియే పలుకును, తుపాకియే యేడ్చును, తుపాకియే పుష్పించును. పట్టినచేయి కనఁబడదు. కరణమును గర్తగాఁ జేయుట యలంకారముగా నొకమాఱు శోభించును. నిత్యమైనచో నది కవికే గాక యుద్యమమునకును బ్రమాదము. కత్తి నఱకుచున్నదన్నచోఁ గత్తికిఁ బాపపుణ్యములు లేవు గదా. ఈ దోషమునే యెదుటిపక్షము వాడుకొన్నది: ‘ఎదురుకాల్పులు జరిగినవి’ యను ప్రకటనలయందుఁ గాల్చినవాఁడు లేఁడు, కాలము మాత్రమే కలదు. రెండు పక్షముల వాక్యములు నొకే వ్యాకరణమున వ్రాయఁబడినవని గుర్తించిన విమర్శకులు తక్కువ.

ఐదవ ఘట్టము 2009 నవంబరునుండి 2014 జూన్ 2 వఱకు. ఉస్మానియా ఆర్ట్సు కాలేజీ ముంగిలి దీనికిఁ గేంద్రము. కాని రీతులు చూడుఁడు: రహదారిపైఁ బొయ్యి వెట్టి వండుకొను ‘వంటావార్పు’, 2011 సెప్టెంబరు 13న మొదలై 42 దినములు సాగిన ‘సకలజనుల సమ్మె’, 2012 సెప్టెంబరు 30 నాఁటి ‘సాగరహారము’, బతుకమ్మ, ధూంధాము. 1952 నాఁటి పరభాషానినాదముతోఁ బోల్చినచో నీ పేళ్లలోఁ బెక్కింటఁ దెలుఁగింటి వాసన తగులును. ‘సకలజనుల’ యనుచోఁ గర్త స్పష్టముగా బహువచనమున నిలిచినాఁడు. వంటావార్పునందు విద్యార్థితోఁ గూడఁ దల్లియుఁ గర్త్రియే. తిరుమలగిరి, తుంగతుర్తి, మోత్కూరు రహదారులపై నుడికిన యన్న మీ యుద్యమమునకు నిజమైన కావ్యము.

ఆ కాలముననే 2011 మార్చి 10న ‘మిలియను మార్చి’ నాఁడు హుస్సేనుసాగరపుఁ గట్టపై విగ్రహములు కూల్పఁబడినవి. అందుఁ గవుల ప్రతిమలు గలవు. 1970లో విద్యార్థులచేఁ బ్రశ్నింపఁబడిన శ్రీశ్రీ ప్రతిమయుఁ గలదు. పండితులు దీనికి దుఃఖించిరి, దుఃఖింపఁదగినదే. తెలంగాణపుఁ గవులకు గట్టుపైఁ జాలినంత చోటీయని నిర్ణయము మొదటి దోషమని ప్రతివాదులు చెప్పిన మాటయుఁ ద్రోసివేయఁదగదు. అయినను 1970 నాఁటి కరపత్రము కవిని గర్తగాఁ దలఁచి ప్రశ్నించినది. 2011 నాఁటి సుత్తి వానిని గర్మగాఁ జేసినది. ప్రశ్నకు శ్రీశ్రీ యుత్తరము చెప్పెను. ఱాయి యేమి చెప్పును?

ఇంకొకటి కలదు, దానిని బలుకుట కష్టము. ఆ యుద్యమమునఁ బెక్కండ్రు యువకు లాత్మాహుతికిఁ బాల్పడిరి. 2009 డిసెంబరు 3న మరణించిన శ్రీకాంతాచారి మోత్కూరు సీమవాఁడు. పతంజలి ‘ఆత్మ ఆత్మను జంపుచున్నది’ యను ప్రయోగమును జర్చించుచు, నొకటియే కర్తయుఁ గర్మయు నగుట పొసఁగదు గనుక నంతరాత్మ యనియు శరీరాత్మ యనియు రెండుగాఁ జెప్పవలసివచ్చెను. భాషయే యీ క్రియను సహింపక రెండుగాఁ జీలినది. అమరవీరుల పాటలు పెక్కు లీ చీలికను గప్పివేసినవి. అంతరాత్మ గెలిచినదని పాడినవి. శరీరాత్మ యింటికి రాలేదని చెప్పుట మఱచినవి. చనిపోయినవానిని స్మరించుట కవిధర్మము. చావును బిలుపుగాఁ బాడుట కవిధర్మము గాదు. పసులకాపరి ముఖమును ద్రిప్పి ప్రశ్నించి, యాతనిని బ్రదుకున నిలిపిన హనుమంతు పాట నీ సీమ యెఱుఁగును. దానిప్రక్క నిలిపి చూచినచో నాహుతిని వరముగా వర్ణించిన పాట, స్వరమెంత మధురమైనను, బాలుని జేయి విడిచిన పాటయే.

ఇఁక ఫలమును జెప్పు వాక్యము. 2014 పిదప సభలయందు వినవచ్చిన మాటలు మూఁడు: ‘ఇచ్చినది మేము’, ‘తెచ్చినది మేము’, ‘తెలంగాణ వచ్చినది’. మొదటిదానఁ బ్రజలు సంప్రదానము, చేయి చాఁచినవారు. రెండవదానఁ గర్త యొక పక్షము, తక్కినవారు పరివారము. మూఁడవది నిష్పక్షపాతముగాఁ దోఁచును గాని యదియే యన్నింటికంటె లోతైన దోషము. చేసినవాని ప్రయాసను జెప్పఁగోరనపుడు కర్మమే కర్తవలెఁ బ్రయోగింపఁబడునని శాస్త్రము. బియ్యము తనంతఁ దానే యుడికినట్లు, కట్టె తనంతఁ దానే చీలినట్లు. దానిని గర్మకర్తరి యందురు. సౌకర్యాతిశయ మా ప్రయోగమునకుఁ బ్రయోజనము. తెలంగాణ తనంతఁ దానే సులభముగా వచ్చినదా? నాగపురమునకుఁ బోయినవాఁడు, కొత్తగూడెమున ధాన్యము పంచిన బాలిక, కడవెండి కొమరయ్య, 1969లో గుండు దగిలినవాఁడు, రహదారిపై నన్నము వండిన తల్లి యీ ‘వచ్చినది’ యను మాటలో నెచ్చట నున్నారు?

కావున నీ వాఙ్మయమును జదువువారును బాఠశాలలఁ జెప్పువారును బరీక్షింపవలసినది పక్షమును గాదు, ఆవేశమును గాదు. ప్రతి పాటకును, ప్రతి నవలకును గర్త యెవఁడని యడుగవలయును. రీతులు మాఱుచునే యుండును. విడిచిపోవుట, చేయించుట, నిలవేయుట, వండుట అనునవి కాలమునుబట్టి వచ్చి పోవును. రీతి మాఱుట దోషము గాదు. మాఱిన రీతియందుఁ దిరుమలగిరి పల్లెలోని మనుష్యుఁడు కర్తగా నిలిచెనా, కరణముగాఁ దఱిగెనా, కర్మగా రాలెనా యనునదియే గుణదోషనిర్ణయమునకుఁ బ్రమాణము. ఆ ప్రమాణమున ‘ప్రజల మనిషి’ నిలుచును, స్వరాజ్యము మాట నిలుచును, స్త్రీల చరిత్ర నిలుచును, పసులకాపరి పాట నిలుచును. తక్కినవానిని బిల్లలకుఁ జెప్పునపుడు ‘జరిగినది’ యన్నచోట ‘ఎవరు చేసిరి’ యని, ‘వచ్చినది’ యన్నచోట ‘ఎవరు తెచ్చిరి’ యని యడిగించినఁ జాలును; ఆ ప్రశ్నతో బిల్లలకు వ్యాకరణమును జరిత్రయు నొకే పాఠముగా నందును.